వీర్రాజు గారి కవరు

ఆ ఉదయం ఇద్రీస్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి టైలరింగ్ కొట్టు తెరవాలి. తన దగ్గర పనిచేసే ఇద్దరికీ నియామక పత్రాలిచ్చి సంతకాలు తీసుకోవాలి. సాయంత్రానికల్లా పోర్టు కాంట్రాక్టరు ఆర్డరులో మిగిలిన పన్నెండు యూనిఫారాలు పూర్తి చేయాలి. మర్నాడు పొద్దున్నే వ్యాను వస్తుంది. అవి సిద్ధంగా లేకపోతే ఆ కాంట్రాక్టరు మళ్లీ ఇద్రీస్ గడప తొక్కడు.

పక్క కొట్టాయనకు పనివాడి నుంచి కోర్టు నోటీసు వచ్చినప్పటి నుంచీ ఇద్రీస్‌కు తిండి సహించడం లేదు. లాయరు శ్రీరామ్మూర్తి దగ్గరికి పరిగెత్తాడు. "అన్నీ కాగితం మీద పెట్టు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ ఉండాలి," అన్నాడాయన. పుట్టు వాగుడుకాయ అయిన ఇద్రీస్ ఆ సలహాను మందులా మింగేశాడు.

పద్దెనిమిదేళ్లుగా గుడ్డ కత్తిరిస్తున్న వీర్రాజు రాగానే ఇద్రీస్ లేచి నిలబడి, అంటించిన కవరు చేతికిచ్చాడు.

"వీర్రాజు గారూ, ఇది చదివి సంతకం పెట్టండి."

వీర్రాజు కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇన్నేళ్లలో ఇద్రీస్ అతన్ని "బావా" అనే తప్ప మరోలా పిలవలేదు. పైగా వీర్రాజు తమ్ముడికి ఫ్యాక్టరీలో కవరిచ్చిన రోజే ఉద్యోగం ఊడింది.

"గారేటి భాయ్? నానేటి సేసినాను?"

"అంతా అందులో రాసుందండీ."

ఆ "అండీ"తో మిగిలిన ఆశా పోయింది. వీర్రాజు మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు. కాజాలు కుట్టే నూకాలు తనకూ ఇచ్చిన కవరు విప్పకుండానే అత్త పోతమ్మకు ఫోన్ చేసింది. పావుగంటలో పోతమ్మ జాలరిపేట నుంచి చేపల గంపతో సహా ఆటో దిగి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కోడలి కవరు లాక్కుని గంప అడుగున దోపేసింది.

"పదేళ్లు పని సేయించుకోని, ఇప్పుడు కవరిచ్చి గెంటేత్తావేటి?"

ఇద్రీస్ మర్యాద మర్చిపోయాడు. "అయ్యో, గెంటడమేటి! మంచి కాగితమే. ఇలాగియ్యి బావా, నాను సదివి సెప్తాను!"

"మంచిదైతే అంటించడం ఎందుకు?" వీర్రాజు కవరు చొక్కాలో దాచేశాడు. "మా తమ్ముడు నమ్మేసి సంతకం పెట్టే మునిగిపోనాడు. లాయరు ముందే ఇప్పుతాను."

దగ్గరలో ఉన్న లాయరు శ్రీరామ్మూర్తే. ఆయన కోర్టుకెళ్లాడు. ఆయన ఇంటి మెట్ల మీద ఒక పక్క వీర్రాజు, నూకాలు, పోతమ్మ, మరో పక్క ఇద్రీస్. కొట్టులో పన్నెండు యూనిఫారాలూ ఇంకా గుడ్డగానే ఉన్నాయి. ఇద్రీస్ కూర్చుంటాడు, లేస్తాడు, వీధి చివరిదాకా వెళ్లి వస్తాడు, మళ్లీ టైము చూసుకుంటాడు. మధ్యాహ్నం దాటాక గంపలోని చేపలు కూడా తమ అభిప్రాయం గట్టిగానే చెప్పసాగాయి.

ఆరుకి పది నిమిషాల ముందు వచ్చిన లాయరు ముక్కు మూసుకునే వీర్రాజు కవరు చింపాడు. "ఇది నేను రాసిందే కదయ్యా!" అని పైకి చదివాడు. "వీర్రాజు గారు ఈ కొట్టులో శాశ్వత కటింగ్ మాస్టరు. తగిన కారణం లేకుండా, ఆయన సంజాయిషీ వినకుండా పనిలోంచి తీసేయరాదు."

వీర్రాజు కళ్లు చెమర్చాయి. తన పేరు పక్కన "గారు" అచ్చులో చూసుకోవడం అతనికదే మొదటిసారి. "నోటితో సెప్తే పోయేది కదా భాయ్!" అంటూ ఇద్రీస్‌ను కావలించుకున్నాడు. ఇద్రీస్‌కూ ఏడుపొచ్చింది, సగం ప్రేమతో, సగం యూనిఫారాల బెంగతో.

"సంతకం పెట్టీసి పద బావా, పని మొదలెడదాం."

వీర్రాజు కాగితమంతా నిదానంగా చదివి సంతకం పెట్టాడు. తర్వాత తలెత్తి లాయరు ఇంటి గోడ మీది గడియారం కేసి చూశాడు.

"తొమ్మిది నుంచి ఆరు దాకా అని రాసినావు భాయ్. ఆరు దాటిపోయింది. సంతకం పెట్టినాక మాట తప్పకూడదు కదా. రేపు తొమ్మిదికొచ్చేత్తాను."

నూకాలూ తన కాగితం మీద సంతకం పెట్టి, అత్తతో ఆటో ఎక్కేసింది. ఇద్రీస్ ఒక్కడే కొట్టుకు తిరిగొచ్చి, కత్తెర పట్టుకునే ముందు ఆ కాగితాన్ని ఆశగా రెండుసార్లు చదివాడు. యజమాని పనివేళల గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.