పాయింట్ ముప్పై రెండు బోరు

ప్రాణరక్షణ ప్రతి పౌరుడి హక్కు! కత్తి ఎత్తినవాడి ముందు చేతులు కట్టుకు నిలబడమని మన చట్టం ఎవరికీ చెప్పదు. అవసరమైతే ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి, తుపాకీ కొనుక్కో నాయనా అంటుంది. అయితే ఒక చిన్న షరతు. తుపాకీ కావాలంటే ముందు మనల్ని చంపాలనుకునేవాడు ఒకడుండాలి. ఉన్నాడని కాగితాల్లో కనబడాలి. నలుగురికీ మంచివాడైన మనిషికి ఈ దేశంలో పిస్తోలు పుట్టదు!

ఈ సంగతి నాకెలా తెలుసంటే, మార్కాపురంలో ఆర్డీవో ఆఫీసు ఎదురుగా ఇరవై రెండేళ్ళుగా అర్జీలు రాస్తున్నవాణ్ని నేను. పేరు ఇబ్రహీం. రేషన్ కార్డు నుంచి రాజీపత్రం దాకా నా చేతిమీదుగా పోని కాగితం లేదు. నేను రాసిన అర్జీలు చదివి కళ్ళు తుడుచుకున్న గుమాస్తాలున్నారు. చదివి పని చేసిపెట్టినవాళ్ళు తక్కువే అనుకోండి, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు మాత్రం ఉన్నారు.

అలాంటి నా బల్ల దగ్గరికి ఒక సోమవారం పలకల ఫ్యాక్టరీ మధుసూదన్ కారు దిగి వచ్చాడు. బేస్తవారిపేట పక్కన సొంతూళ్ళో ఆయనకు పన్నెండెకరాల బత్తాయి తోట కూడా ఉంది. సంక్రాంతికీ రంజానుకీ క్రిస్మస్‌కీ ఊళ్ళో ఆయన ఫ్లెక్సీలు కడతారు. వాటి మీద పేరుకు ముందు 'ప్రజాబంధు' అని ఉంటుంది. ఆ బిరుదు ఎవరిచ్చారని అడక్కండి, ఫ్లెక్సీ రాసింది నేనే.

"భాయ్, నాకు తుపాకి కావాల" అన్నాడు కూర్చోకుండానే.

"ఎవరన్నా బెదిరించినారా అన్నా?"

"బెదిరించేదేంది! నన్ను బెదిరించే మొగోడు ఉండాడా ఈ చుట్టుపక్కల?"

"మరెందుకు?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. గిద్దలూరులో టింబర్ డిపో నడిపే ఆయన తోడల్లుడికి పిస్తోలు లైసెన్సు వచ్చింది. మామగారింట్లో భోజనాల దగ్గర ఆ తోడల్లుడు నడుములోంచి పిస్తోలు తీసి విస్తరి పక్కన పెట్టుకున్నాడు. అప్పట్నుంచి అత్తగారు ఏది వడ్డించినా అటువైపు నుంచే మొదలుపెడుతున్నది.

"పెద్దల్లుణ్ని నేను భాయ్! నా దాకా వచ్చేలోపల అప్పడాలు అయిపోయినాయి! ఇంకారు నెలల్లో మామకు సహస్ర చంద్రదర్శనం. ఆ పొద్దుటికి నా నడుముకు తుపాకి లేకుంటే, ఇంక ఆ ఇంటికి నేను పెద్దల్లుణ్ని కాదు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి పాపం. అప్పడం ఎంతటివాణ్నైనా కుంగదీస్తుంది.

"సరే అన్నా. ఏ తుపాకీ?"

"ఫార్టీ ఫైవ్! ఫోన్లో మూడు నూర్ల వీడియోలు చూసినా. స్టాపింగ్ పవరంటే దాందే. కొడితే మనిషి ఉన్నకాడే నిలబడిపోవాల. అది లేకుంటే కనీసం నైన్ ఎమ్మెమ్."

"అవి పోలీసోళ్ళకూ మిలిటరీకీ అన్నా. మనబోటోళ్ళకు ఇచ్చేది పాయింట్ ముప్పై రెండు."

ఆయన మొహం వాడిపోయింది. "ముప్పై రెండా? నా నడుమే నలభై రెండు భాయ్! ఏడ పట్టేది?"

"ఆ కొలత గొట్టానిదన్నా, బెల్టుది కాదు. గొట్టం లోపలి వెడల్పును బోరు అంటారు."

అయినా ఆయన ఊరికే ఒప్పుకునే రకం కాదు. రోజూ మోసుకుతిరిగే వస్తువు, చూసి ఎంచుకోవాలన్నాడు. ఫ్యాక్టరీలో పలకలు కోసే మిషను మీద మూడు రాతి పిస్తోళ్ళు కోయించాడు. ఏ సైజుకు ఎంత బరువో ఫోన్లో చూసి, కాటా మీద పెట్టి మరీ చెక్కించాడు. వారం రోజులు వాటిని వంతులవారీగా నడుముకు దోపుకుని తిరిగాడు. నైన్ ఎమ్మెమ్ అన్నం తినడానికి కూర్చుంటే పొట్టలో గుచ్చుకున్నది. బస్టాండు దగ్గర ఎవరో పెద్దమనిషికి వంగి నమస్కారం పెడుతుంటే ఫార్టీ ఫైవ్ జారి సొంత బొటనవేలి మీదే పడింది.

"స్టాపింగ్ పవర్ నిజమే భాయ్" అన్నాడు కుంటుకుంటూ వచ్చి. "రెండు రోజులు అడుగు కదల్లా. ముప్పై రెండే రాయి."

ఇంగ్లీషు ఫారం ఆన్‌లైన్లో నింపాను. పేరు, వయసు, బోరు, అన్నీ సాఫీగా పోయాయి. 'ఎవరి వల్ల ప్రాణహాని?' అన్న చోట బండి ఆగింది.

"ఎవరి పేరు రాయాల అన్నా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "నేనంటే ఊరంతా ప్రాణం పెడతాది భాయ్. నన్ను చంపేదెవరు?"

శత్రువును వెతుక్కుంటూ ఇద్దరం ఆయన ఊరికి వెళ్ళాం. తోట పక్కనే లింగయ్యకు మూడెకరాల బత్తాయి. చెట్ల ఆకులు ముడుచుకుని ఉన్నాయి. లింగయ్య తలకు తువ్వాలు చుట్టుకుని, బిందెతో ఒక్కొక్క చెట్టు మొదట్లో నీళ్ళు పోస్తున్నాడు.

"లింగయ్యా, ఒక సాయం చెయ్యి రా" అన్నాడు మధుసూదన్. "నలుగురిలో నన్ను చంపుతానని ఒక్క మాట అనరాదూ?"

లింగయ్య బిందె దించి బిత్తరపోయాడు. "ఎంత మాటన్నా! నేనేంది, నిన్ననేదేంది? బోరెండి నేనే సచ్చేకాడ ఉండా. ఈ ఎండాకాలం చెట్లు నిలబడితే చాలు నాకు. పోయినాయంటే మళ్ళా నాటుకోని ఏడేండ్లు ఎదురుచూడాల."

"సూసినావా భాయ్, ఎంత ప్రేమో!" అన్నాడు మధుసూదన్ విసుగ్గా.

చివరికి 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాసి పంపాను. ఫారంతోపాటు తాసిల్దారుగారికి తెలుగులో ఒక విన్నపం జతచేయడం నా అలవాటు. అక్కడ మధుసూదన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అందులో తుపాకి అనే మాట రానియ్యొద్దు భాయ్. ఊళ్ళో తెలిస్తే గిద్దలూరు దాకా పోతాది. మామ ఇంట్లో ఒక్కసారే బయటపెట్టాల. బోరు అని రాయి. ఆఫీసర్లకు అర్థమైతాది."

రాశాను. 'అర్జీదారు స్వీయరక్షణ నిమిత్తం ఒక బోరు మంజూరు చేయ ప్రార్థన.' ఎంత ముచ్చటైన వాక్యం! నాకే ముద్దొచ్చింది.

ఆఫీసర్లకు అర్థమయ్యేదేమో. కానీ విచారణకు ఫైలు ముందు వీఆర్వో దగ్గరికి వెళ్ళింది. వీఆర్వోకు ఇంగ్లీషు ఫారాలు చదివే తీరిక ఎక్కడిది? నా తెలుగు ముక్క చదివాడు, వాళ్ళ ఊరి సచివాలయం గోడకు నోటీసు అంటించాడు. 'మధుసూదన్ అను వారు స్వీయరక్షణ నిమిత్తం ఒక బోరు కోరియున్నారు. అభ్యంతరము గలవారు శుక్రవారం ఉదయం పది గంటలకు తెలుపవలెను.'

శుక్రవారం నేనూ మధుసూదన్ వెళ్ళేసరికి సచివాలయం ముందు ఊరు ఊరంతా ఉంది. "సూడు భాయ్, నా కోసం వచ్చినారు!" అని ఆయన చేతులు జోడించుకుంటూ నడిచాడు. తిరిగి దండం పెట్టినవాళ్ళెవరూ నాకు కనబడలేదు.

తాసిల్దారు సంధ్యారాణి మేడం అసలు ఫారం చదివే వచ్చింది. పక్కన కానిస్టేబులు కూడా ఉన్నాడు. ఆమె ఫైలు తెరిచి, "మధుసూదన్ గారికి బోరు మంజూరు చేస్తే మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది.

సువార్తమ్మ అనే పెద్దావిడ ముందుకొచ్చింది. "ఇప్పటికే నాలుగుండాయి కదా తల్లీ!"

మేడం కలం ఆగింది. "నాలుగా? లైసెన్సులున్నాయా?"

"ఒక్కదానికుంటే ఉండాది. తక్కిన మూడూ దొంగయే!"

"ఎక్కడ దాచాడు?"

"దాచేదేంది, తోటలో వరసగా ఉండాయి. కరెంటుంటే చాలు, ఆడిస్తానే ఉంటాడు. ఒక్కోటి ఎనిమిది నూర్ల అడుగులు!"

ఎనిమిది వందల అడుగుల నుంచి కొట్టే ఆయుధాలు నాలుగు! కానిస్టేబులు మెల్లగా వెళ్ళి మధుసూదన్ వెనక నిలబడ్డాడు.

అప్పుడు గుంపులోంచి లింగయ్య వచ్చాడు. ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడనివాడు, ఆ రోజు నేరుగా మేడం కళ్ళలోకి చూశాడు.

"తనను తాను కాపాడుకునేదానికి బోరంట మేడం. మమ్మల్నెవరు కాపాడాల? ఆయన మూడో బోరేసినప్పుడు సువార్తమ్మది ఎండింది. నాలుగోది ఏసినప్పుడు నాది ఎండింది. ఐదోది గానీ దిగిందా, నరికి ఆ గుంతలోనే పూడుస్తా!"

గుంపంతా "మేమూ ఉండాం!" అన్నది.

మధుసూదన్ మొహం చూడాలి! పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. నా భుజం గిల్లి, "నరుకుతానన్నాడు భాయ్! రాసుకోమను, రాసుకోమను!" అన్నాడు.

మేడంకు అనుమానం వచ్చి నా వైపు చూసింది. నేను లేచి, తల వంచుకుని, ఈ బోరు నేలలో దిగేది కాదనీ, నడుముకు దోపుకునేదనీ విన్నవించుకున్నాను. ఇరవై రెండేళ్ళ నా అర్జీల జీవితంలో అంత సిగ్గుపడింది లేదు.

"తుపాకీయా!" అన్నాడు లింగయ్య నోరు తెరిచి.

"సరే" అన్నది మేడం. "బెదిరింపు నా కళ్ళముందే జరిగింది. మధుసూదన్ గారూ, మీకు ప్రాణహాని ఉన్నట్టే రాస్తాను. కారణం కూడా రాయాలి మరి. అనుమతి లేని మూడు బోర్లు. అంతేనా?"

ఆయన వెలుగు టక్కున ఆరిపోయింది. బోర్లా, అప్పడమా? ఒక్క క్షణంలో లెక్క తేల్చుకున్నాడు.

"ప్రాణహానా? నాకా? ఎవరన్నారు మేడం! లింగయ్య నా తమ్ముడు. వీళ్ళంతా నేనంటే ప్రాణం పెడతారు. నన్నెవరూ చంపరు. కావాలంటే రాసిస్తా!"

"అబద్ధం మేడం!" అన్నాడు లింగయ్య. "ఆయనకు ప్రాణహాని గట్టిగా ఉండాది. మేము సాక్ష్యం. ఆయనకు ఆ తుపాకి ఏదో ఇచ్చెయ్యండి. ఒకటి కాకుంటే పది ఇయ్యండి. తుపాకి నీళ్ళు తాగదు కదా! ఆ మూడు బోర్లు మూయించండి, చాలు."

చంపుతామని సంతకాలు పెట్టడానికి జనం వరసలో నిలబడ్డారు. తనను ఎవరూ చంపరని ఒప్పించడానికి ప్రజాబంధు ఆ వరస వెంట ఒక్కొక్కరి గడ్డం పట్టుకుంటూ తిరిగాడు. ఆ సంతకాల కాగితం రాసింది నేనే. అంత ఇష్టంగా నేను ఏ అర్జీ రాయలేదు.

నెల తిరక్కముందే ఆర్డరు వచ్చింది. 'ప్రాణహానికి హేతువైన మూడు బోర్లు మూసివేయబడినందున, అర్జీదారునికి ప్రాణహాని తొలగినది. కావున ఆయుధము అనవసరము.' మొదటి వానలకు లింగయ్య బోరు ముందు బురద కక్కి, తర్వాత నీళ్ళు పోసింది. చెట్లు నిలబడ్డాయి.

మధుసూదన్ ఆ ఆర్డరు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. మామగారి వేడుక ఇంకా వారమే ఉంది.

"భాయ్, వాళ్ళకు కోపం పోయినాది. లింగయ్య నన్ను చూసి నవ్వుతా ఉండాడు. ఇప్పుడు నాకే వాణ్ని నరకాలన్నంత కోపంగా ఉండాది. ఇదే మాట కాగితం మీద పెడితే తుపాకి వస్తాదా?"

నేను కొత్త కాగితం తీసి మార్జిను మడిచాను.

"ఖాయంగా వస్తాదన్నా" అన్నాను. "లింగయ్యకు."