నూటపన్నెండు ఎనుములకు చాలని మెమరీ

కంప్యూటర్ గేమ్ ఆడుతుండగా అది నట్టనడుమ కుప్పకూలడాన్ని మించిన వరం ఈ బెంగళూరులో మనిషికి ఇంకొకటి లేదు! ఈ మాట నేను పూర్తి స్పృహలో ఉండి, టిఫిన్ కూడా చేసి మరీ చెబుతున్నాను.

నవ్వకండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఒక చిన్న పెట్టె తెర మీదికి వచ్చి, ఆట కాస్తా మాయమైనప్పుడు మీరేం చేస్తారు? తిట్టుకుంటారు. అక్కడే పొరబడుతున్నారు!

నా భార్య హరిణి జుట్టు కత్తిరించుకుందని నాకు తెలిసింది ఒక క్రాష్ వల్లే. "ఎప్పుడు?" అంటే "ఉగాదికి" అంది. అప్పటికి దసరా వెళ్లి వారమైంది. మా ఆఫీసులో రియాజ్ ఉన్నాడు. అతనికి వరసగా మూడు క్రాషులు తగిలాయి. విసుగుతో లేచి, బెళ్ళందూరులో ఎనిమిదేళ్లుగా కాపురముంటున్న సొంత అక్కను మొట్టమొదటిసారి చూసి వచ్చాడు. ఆమెకు ఇద్దరు పిల్లలట! ఇంత సేవ ఏ కుటుంబ సలహా కేంద్రం చేయగలదు?

అయినా మీరు నమ్మరు. అందుకే మా ఇంటి ఓనరు చిక్కమునియప్పగారి సంగతి చెబుతాను.

కుందలహళ్ళిలో ఆయన ఇంటి పై వాటాలో మేం అద్దెకుంటున్నాం. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. తాతల నాటి నుంచీ ఇక్కడివారే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. నేను రోజూ కార్డు గీకి లోపలికి పోయే ఆఫీసున్న చోట ఒకప్పుడు ఆయన రాగులు పండించేవారు.

ఆయన నన్ను "అచ్యుతప్పా" అంటారు. నా పేరు అచ్యుత్, మిగతాది ఆయన ఆప్యాయత. గబగబా పిలిస్తే మాత్రం "అచ్చుతప్పా" అని వినిపిస్తుంది. పత్రికలకు రాసుకునేవాణ్ణి పొద్దున్నే అచ్చుతప్పా అని పిలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి!

మాకు ముందు ఆ వాటాలో ఉన్న స్టాన్లీ, ఇల్లు ఖాళీ చేస్తూ తన పాత కంప్యూటర్‌ను ఆయనకు వదిలేసి వెళ్లాడు. అందులో ఊరు కట్టుకునే ఆట ఒకటి ఉంది. పొలాలు, ఇళ్లు, చెట్లు, పశువులు మనకు కావలసినచోట పెట్టుకోవచ్చు. జనం అందులో కోటలు కడతారు, రాజధానులు కడతారు. ఈయన ఏడు నెలలుగా కుందలహళ్ళి కడుతున్నారు. టెక్ పార్కు రాకముందు కుందలహళ్ళి.

మొన్న డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున కింది నుంచి కేక.

"అచ్యుతప్పా! ఊరు పడిపోయిందప్పా!"

చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. తెర మీద నా ఆత్మీయుడు, ఆ చిన్న పెట్టె.

"మెమరీ చాలలేదంట అంకుల్."

"నాకా?"

"కంప్యూటర్‌కి."

ఆయన కాస్త తేరుకున్నారు. "దానికి యాల చాలలే?"

"పని చేసేటప్పుడు అన్నీ దింపుకుని పరుచుకునే చోటు అంకుల్ అది. పరిచేవి ఎక్కువైతే నా వల్ల కాదని పడిపోతుంది."

ఆయన భార్య భాగీరథమ్మగారు వంటింట్లో చిక్కుడు లాంటి అనపకాయలు ఒలుస్తున్నారు. అక్కణ్ణుంచే అన్నారు: "నా వంటింట్లో యాభై ఏండ్లుగా చోటు చాలలే. నేను ఒగదినమన్నా పడిపోయినానా?"

నేను పనిలో పడ్డాను. వెనకాల బ్రౌజర్‌లో నలభై మూడు ట్యాబులు తెరిచి ఉన్నాయి. అన్నీ ఆమె చూస్తున్న సీరియళ్లు. మూసేస్తానంటే ఆమె పరుగున వచ్చారు.

"ఇప్పుడు మూస్తే ఆ పిల్ల ఆసుపత్రిలోనే ఉండిపోతాది గదప్పా!"

న్యాయమే. ఒక్కొక్క ఎపిసోడూ ముందుకు జరిపి, పిల్లలందర్నీ డిశ్చార్జి చేయించి, ట్యాబులు మూసేసరికి పది దాటింది.

మళ్లీ ఆట తెరిచాం. పద్నాలుగు నిమిషాలకు కూలింది. డిస్కులో కొంత చోటు తీసి వర్చువల్ మెమరీగా చూపించాను. పందొమ్మిది నిమిషాలకు కూలింది. ఐదు నిమిషాల అభివృద్ధి! ఇంకో ర్యామ్ ముక్క పెడదామంటే ఆ పాత బోర్డులో ఖాళీ లేదు.

అప్పుడు ఊళ్లోకి పరకాయించి చూశాను. కుంట గట్టు మీద నల్లగా ఏవో కదులుతున్నాయి.

"ఇవేంటి అంకుల్?"

"ఎనుములు." గేదెల్ని ఇక్కడ అలాగే అంటారు.

"ఎన్ని?"

"నూటపన్నెండు."

నూటపన్నెండూ నడుస్తున్నాయి, నీళ్లు తాగుతున్నాయి, తోకలాడిస్తున్నాయి. తోక ఊపినప్పుడల్లా ఇంత మెమరీ!

"కొన్ని తీసేద్దాం అంకుల్. ఒక ఎనభై."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఏవి తీస్తావప్పా? ఇది తిరుపాలుది. ఆ రెండూ మునీంద్ర వాళ్లవి. నీళ్లలో ఉండేది ఎంగటగిరిది. వాళ్లనడగకుండా వాళ్ల ఎనుముల్ని ఎట్ల తీసేది?"

"అయితే అడగండి" అన్నాను వెటకారంగా.

ఆయన నిజంగానే ఫోన్ చేశారు! పావుగంటలో ఆ ఎంగటగిరి, అంటే వెంకటగిరియప్పగారు, కర్ర పొడుచుకుంటూ దిగారు. ఈయనకు చిన్ననాటి స్నేహితుడు, ఎనభై దగ్గరపడ్డ మనిషి. కళ్లద్దాలు తెరకు ఆనించి నూటపన్నెండింట్లో తన ఎనుమును ఇట్టే పట్టుకున్నారు.

"దీన్నా తీసేది?"

"మెమరీ తింటోంది అంకుల్."

"నా ఎనుము రాగిగడ్డి తప్ప ఏమీ తినదప్పా!"

ఇలాంటి సాక్ష్యం ముందు ఏ ఇంజనీరు నిలవగలడు? ఎనుముల జోలికి పోకుండా ఆట నడవాలంటే ఒకటే దారి. సెట్టింగ్స్ తెరిచాను. చెట్లు తగ్గించాను. నీళ్లు తగ్గించాను. పక్షులు, నీడలు పూర్తిగా తీసేశాను. దూరంగా ఉన్నవేవీ కనబడనక్కర్లేదన్నాను. అప్లై నొక్కాను.

చింతచెట్లు పోయాయి. కానుగలు పోయాయి. కుంట నీళ్లు పోయి సిమెంటు రంగు పలక మిగిలింది. కొంగలు ఎగిరి కూడా పోలేదు, ఉన్నచోటే ఆరిపోయాయి. ఇళ్లు డబ్బాలయ్యాయి. ఊరి చుట్టూ బూడిదరంగు పొగ కమ్మింది. ఆ పలక మీద నూటపన్నెండు ఎనుములూ ఎటు పోవాలో తెలియక నిలబడ్డాయి. మెమరీ వాడకం మాత్రం సగానికి సగం పడిపోయింది!

"చూశారా!" అన్నాను. నా పదకొండేళ్ల ఉద్యోగంలో ఇంత శుభ్రమైన పరిష్కారం నేనెప్పుడూ ఇవ్వలేదు.

భాగీరథమ్మగారు అనపకాయల గిన్నెతో సహా వచ్చి చూశారు.

"ఇది మన బస్టాపు గదా?" అన్నారు.

ఇంతలో తెర మధ్యలో ఇంకో పెట్టె వచ్చింది. దాని కింద అంకెలు తగ్గుతున్నాయి.

"దీంట్లో ఏం రాసుండాది?" చిక్కమునియప్పగారు అడిగారు.

"ఈ మార్పులు ఉంచాలా వద్దా అని అడుగుతోంది అంకుల్. పదిహేను సెకన్లలో చెప్పకపోతే పాతవన్నీ వెనక్కి వచ్చేస్తాయి."

"ఎవుర్ని అడగతా ఉండాది?"

"మిమ్మల్నే."

"నన్నా?"

పదకొండు. పది. నేను బాణాన్ని ‘ఉంచు’ మీదికి జరిపాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. నాగలి పట్టిన చెయ్యి, పట్టు ఇంకా సడలలేదు.

"సుమ్నె ఉండప్పా. ఇంగోసారి చదువు. మమ్మల్ని ఇంతవరకూ ఎవురూ అడగలే."

సుమ్నె ఉండమంటే ఊరికే ఉండమని. ఉన్నాను. మళ్లీ చదివాను.

వెంకటగిరియప్పగారు ఆగలేదు. మౌస్ లాక్కుని ‘వద్దు’ మీద నొక్కారు. అదీ బొటనవేలితో, కాగితం మీద వేలిముద్ర వేసినంత గట్టిగా. అప్పటికింకా ఐదు సెకన్లు మిగిలే ఉన్నాయి.

ముందు చింతచెట్లు వచ్చాయి. తర్వాత నీళ్లు. ఆఖరున కొంగలు. ఆ తర్వాత కుంట గట్టు వంపు తూర్పుకా పడమరకా అని మిత్రులిద్దరూ భీకరంగా కొట్లాడుకున్నారు. పందొమ్మిదో నిమిషంలో ఊరు మళ్లీ కూలింది.

"కూలనీలేప్పా" అన్నారు చిక్కమునియప్పగారు. "మమ్మల్ని అడిగింది గదా, అది చాలు. మళ్లీ తెరువు."

ఇప్పుడు ప్రతి ఆదివారం ఇదే వరస. పందొమ్మిది నిమిషాలు ఊరు, తర్వాత క్రాష్, ఆ సందులో అనపగింజల ఉప్మా. పోయిన వారం తిరుపాలు, మునీంద్ర కూడా వచ్చి తమ ఎనుముల్ని చూసుకుని వెళ్లారు.

ఇంత గొప్ప వరాన్ని ఆటలకే పరిమితం చేయడం అన్యాయం కాదా? అందుచేత ఊళ్లను బాగుచేసే పెద్దలందరికీ నా విన్నపం. మీరు ఏం చేసినా మా మేలు కోరే చేస్తారు, సందేహం లేదు. అయితే ఈసారి ఒక కుంటను పలక చేసే ముందు అలాంటి చిన్న పెట్టె ఒకటి మా ముందు కూడా పెట్టించండి. ఉంచాలా, వద్దా? పదిహేను సెకన్లు చాలు. అంత తీరిక లేదంటే పదే ఇవ్వండి.

వెంకటగిరియప్పగారికి అదే ఎక్కువ.