మూడో అంతస్తు గోడ మీది కిటికీ

ఆ రోజు పొద్దున గైడు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పాత బజారు వీధికి వెళ్ళడం, పదకొండు మంది సందర్శకులకు అక్కడి భవనాలు చూపించడం, వాళ్ళలో ఒక్కరి చేతనైనా చీటీ మీద "మళ్ళీ వస్తాను" అని రాయించి సంతకం పెట్టించుకోవడం. నెల రోజుల ట్రయల్‌లో అదే ఆఖరి రోజు. నెలలో అలాంటి చీటీ ఒక్కటైనా వీధి మొదట్లో పెట్టిన ఆఫీసు డబ్బాలో పడితేనే ఉద్యోగం ఖాయమని రూలు. ఇరవై తొమ్మిది రోజుల్లో ఒక్కటీ పడలేదు. ఈ రోజూ పడకపోతే సోమవారం నుంచి బావమరిది టైర్ల షాపులో కూర్చోవాలి. బావమరిది చెడ్డవాడేమీ కాదు. కాకపోతే రోజుకోసారి ఫోన్ చేసి, "మీ కోసం స్టూలు తుడిపించి ఉంచా బావగారూ" అంటున్నాడు. ఆ స్టూలు తలుచుకుంటే గైడుకు అన్నం సయించడం లేదు.

చొక్కా ఇస్త్రీ చేస్తూ భార్య హెచ్చరించింది. "ఏమండీ, ఇవాళ కూడా ఆ సున్నం, ఆ గార అని మొదలెట్టారంటే మా తమ్ముడికి నేనే చెప్పేస్తా, మీరు వస్తున్నారని."

"మరేం చెప్పమంటావు? ఆ వీధి గొప్పంతా గారలోనే ఉంది."

"కథ చెప్పండి. జనానికి గోడ అక్కర్లేదు, గోడ వెనకాల ఎవరున్నారో కావాలి."

ఆ వీధికి గాలి కూడా అడిగి వస్తుందేమో అనిపిస్తుంది. రెండు పక్కలా మూడంతస్తుల భవనాలు, కింద దుకాణాలు, వాటి ముందు బారుగా కమానులు. కమానుల కింద నడుస్తుంటే మన అడుగుల చప్పుడు కాస్త ఆలస్యంగా వెనక్కి వస్తుంది. ఒక్కోసారి ఒక అడుగు ఎక్కువ వస్తుందని గైడుకు అనుమానం. ఆ రోజు మబ్బు పట్టి, పట్టపగలే దీపాలు వెలిగించారు.

గొడుగుల షాపు ముందు అందరినీ నిలబెట్టి అలవాటుగా పైకి చూపించాడు. "మూడో అంతస్తులో అయిదు కిటికీలున్నాయి కదండీ. మధ్యది కిటికీ కాదు, బొమ్మ. వెనకాల మెట్ల బరువు మోసే గోడ ఉంది, దాన్ని తెరవడానికి వీల్లేదు. అందుకని తడి గార మీద రంగులతో కిటికీ వేశారు. ఆకుపచ్చ తలుపులు, ఒక రెక్క ఓరగా తెరిచినట్టు, లోపల చీకటి. తడి గార మీద రంగు ఎలా నిలుస్తుందంటే..."

ఒకాయన ఆవులించాడు. పక్కావిడ అందుకుంది. ఆవులింత వరసలో నడిచి నాలుగో మనిషిని చేరేసరికి గైడుకు స్టూలు కళ్ళ ముందు మెదిలింది.

"అసలు సంగతి వేరే ఉందండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఈ భవనం యజమానికి ఒక చెల్లెలు ఉండేది. జబ్బు మనిషి. మెట్ల పక్కన పడుకోబెట్టారు. 'అన్నయ్యా, నాకో కిటికీ కావాలి' అని ఏడ్చేది. గోడ పగలగొట్టలేక అన్న బయట బొమ్మ వేయించాడు. ఆవిడ పోయింది. కిటికీ దగ్గర నుంచి మాత్రం పోలేదు."

పదకొండు నోళ్ళూ మూతపడ్డాయి. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ మెల్లగా అడిగింది. "ఇందాక ఆ రెక్క అంత తెరిచి ఉందా?"

గైడు తలెత్తి చూశాడు. ఇరవై తొమ్మిది రోజులుగా చూస్తున్న బొమ్మే. అయినా ఎంత తెరిచి ఉండేదో ఆ క్షణాన గుర్తు రాలేదు.

దారిన పోయేవాళ్ళు ఆగారు. వాళ్ళ వెనక బస్సు ఆగింది. నోటి మాటకు కాళ్ళు మొలిచాయి. షాపు దగ్గర దయ్యంగా బయల్దేరిన చెల్లెలు వీధి మధ్యకు వెళ్ళేసరికి గదిలో బంధించిన జబ్బుపిల్ల అయింది. వీధి చివరకు చేరేసరికి మూడో అంతస్తు నుంచి దూకబోతోంది. అక్కడున్న పుణ్యాత్ముడెవరో ఫైరింజన్‌కు ఫోన్ చేశాడు.

గొడుగుల షాపాయన ఊగిపోతూ బయటికొచ్చాడు. "పైన సరుకుంది. మా పనివాళ్ళు మెట్లెక్కనంటున్నారు. ఏం చెప్పావయ్యా జనానికి?"

ఈలోగా, ఆఖరి రోజు కనక డబ్బా తెరవడానికి ఆఫీసు సూపర్‌వైజరమ్మ వచ్చింది. రూలు పుస్తకం సంచిలో లేకుండా ఆవిడ గడప దాటదు. "వాదన ఎందుకు? అందరినీ పైకి తీసుకెళ్ళి గోడ చూపించండి. భయం పోతుంది," అంది.

గైడు ముందు, పదకొండు మంది వెనక. మెట్ల దారి ఇరుకు, తేమ వాసన. మూడో అంతస్తులో గోడ బోడిగా, చల్లగా ఉంది.

"చూశారా, గట్టి గోడ. దీనికి అవతల గాలి తప్ప ఏమీ లేదు." నిరూపించడానికి మూడుసార్లు తట్టాడు.

అవతలి నుంచి మూడుసార్లు తట్టారు.

పదకొండు మందీ ఎలా దిగారో మెట్లకే తెలియాలి. గైడు ఒక్కడే మిగిలాడు. భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. అబద్ధం ఆడాడు, అది తిరిగి తలుపు తట్టింది.

కిందికి దిగాక సంగతి తేలింది. వీళ్ళు మెట్లెక్కుతుండగా ఫైరింజన్ వాళ్ళు వచ్చి బయట నిచ్చెన వేశారు. పైకెక్కినతను బొమ్మ కిటికీని నిజమనుకుని తట్టబోతుంటే లోపలి నుంచే చప్పుడు వచ్చింది. అతను మర్యాదగా జవాబు తట్టి, ఆ తర్వాత కిటికీ కాదని చూసుకుని, నిచ్చెన మీంచి కిందికి జారిపోయాడు. ఇప్పుడు బండి పక్కన కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. "లోపల ఎవరో ఉన్నారు సార్, నేను మళ్ళీ ఎక్కను," అంటున్నాడు.

సందర్శకుల్లో ఒక్కరూ మిగల్లేదు. చీటీలు వీధంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, అన్నీ ఖాళీవే. గైడు బావమరిదికి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు.

"రూలు ప్రకారం డబ్బా తెరవాలి," అంది సూపర్‌వైజరమ్మ.

డబ్బాలో ఒక చీటీ ఉంది. అక్షరాలు పెన్సిలువి కావు. ఆకుపచ్చ రంగు, ఇంకా ఆరలేదు. ఆవిడ పైకి చదివింది.

"నాకు జబ్బూ లేదు, అన్నా లేడు. ఆ కిటికీ వేసింది నేను. పన్నెండు రోజులు పరంజా మీద నిలబడి వేశాను. ఇతను ఇవాళ చెప్పిందంతా అబద్ధం. కానీ తడి గార మీద రంగు ఎలా నిలుస్తుందో ఇరవై తొమ్మిది రోజులూ ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. అంత శ్రద్ధగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. మళ్ళీ వస్తాను."

గైడుకు ఒళ్ళు జలదరించింది. వెంటనే, ఎందుకో, కళ్ళు చెమ్మగిల్లాయి. నెల రోజులుగా ఎవరూ వినలేదని అనుకున్నాడు.

సూపర్‌వైజరమ్మ చీటీని అటూ ఇటూ తిప్పింది. వేళ్ళకు పచ్చ రంగు అంటుకుంది. తలెత్తి కిటికీ వైపు చూడబోయి, చూడకుండా, రూలు పుస్తకం తెరిచింది.

"సంతకం ఉందా మేడమ్?" అన్నాడు గైడు.

"ఉంది."

"మరి... చెల్లుతుందా?"

"సందర్శకులు బతికి ఉండాలని ఎక్కడా రాయలేదు," అని చీటీ మీద ముద్ర వేసింది.

గైడు ఉద్యోగం ఆ రోజే పర్మనెంటయింది. శ్రోత అంతకు చాలా ముందు నుంచే పర్మనెంటు.