నలుపు తెలుపుల్లో నటేశన్

ఆ ఆదివారానికి ఆర్తి వేసుకున్న పథకం చాలా సులువైనది. పొద్దున్నే నాయన తంగవేలును వెంటబెట్టుకుని వేలూరు సత్తువాచారిలో బస్సెక్కి గుడియాత్తం పోవాలి. అక్కడ బజారులో పాత్రల అంగడి నటేశన్ గారి డెబ్బయ్యో పుట్టినరోజు. తాను గీసిన ఆయన బొమ్మ ముందు నాయనను నిలబెట్టాలి. నటేశన్ గారు నోరారా "బాగుండాది" అనాలి, నాయన చెవులారా వినాలి. ఆ ఒక్క మాట పడిందా, సోమవారం తోలు కంపెనీ ఆఫీసులో లెక్కల గుమాస్తాగా చేరాల్సిన గండం గట్టెక్కినట్టే.

ఈ ఒప్పందం తంగవేలు పెట్టిందే. ఆయన కట్టడాల మేస్త్రీ. గోడ కట్టినా గుమ్మం నిలబెట్టినా నలుగురికీ కనబడుతుంది కదా, కూతురు చేసేదేమిటో మాత్రం ఆయనకు అంతుపట్టదు. ఆర్తి నల్ల సిరాతో మనుషుల బొమ్మలు గీస్తుంది. ఊరికే గీయదు, సినిమా పోస్టరులోంచి దిగివచ్చినట్టు గీస్తుంది. పాలుపోసే ఆయనకు డిటెక్టివు కోటు తొడుగుతుంది. లెక్కల టీచరమ్మను మేడల మీదుగా ఎగిరే వీరవనితను చేస్తుంది. చెన్నైలో, బెంగుళూరులో ఉండే కుర్రకారు ఫోన్లో చూసి ముచ్చటపడి గీయించుకుని గోడలకు తగిలించుకుంటారు. ఆ మెప్పు తంగవేలు కంటికి ఆనలేదు.

"కంటికి కనిపించనోళ్ళు ఎవురో బొటనవేలు చూపిస్తే అది మెప్పా? మనోళ్ళలో ఒక పెద్దమనిషి నా ఎదురుగా చెప్పనీ. నటేశన్ సెట్టిగారు చెప్పనీ. ఆ పొద్దు నుంచి నేను నోరెత్తితే అడుగు" అన్నాడు. నటేశన్ గారి ఇల్లు కట్టింది తంగవేలే. ఆయన మాటంటే తంగవేలుకు వేదవాక్కు.

బొమ్మ గీయమన్నది నటేశన్ గారి కొడుకు దీపన్. "మా నాయనకు చిన్నప్పుడు సినిమాల్లో డాన్ వేషం కట్టాలని ఆశ. తాత చెవి పట్టుకొని తెచ్చి అంగట్లో కూచోబెట్టినాడు. ఆ ఆశ నువ్వు తీర్చల్ల" అన్నాడు. ఆర్తి ప్రాణం పెట్టి గీసింది. నల్ల కళ్ళద్దాలు, పైకెత్తిన కోటు కాలరు, ఎగిరిన ఒక కనుబొమ్మ, వెనకాల జోరువాన. దాన్ని పెద్ద బ్యానరు వేయించి అంగడి ముందు కట్టాలి, నాయనకు ముందుగా తెలియకూడదు అన్నది దీపన్ ఏర్పాటు. అందుకే అమ్మానాయనలను తెల్లవారకముందే కారెక్కించి మోర్ధానా డ్యాము చూపిస్తానని తీసుకుపోయాడు. ఇంటికి తాళం, అంగడికి తాళం. బ్యానరు పని ఆర్తికే వదిలేశాడు. ఆర్తి శనివారం అర్ధరాత్రి దాటాక బొమ్మను గుడియాత్తంలో ఫ్లెక్సులు వేసే ముత్తుకు ఫోన్లో పంపింది. కింద పేరు, పుట్టిన తేదీ, ఆదివారం తేదీ వేయమంది. పొద్దున్నే కట్టేయమంది. ఇక చెప్పాల్సిందేమీ లేదనుకుంది, పాపం.

బస్సు గుడియాత్తంలోకి వస్తుండగా కిటికీ పక్కనున్న తంగవేలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"అమ్మా! అది నీ బొమ్మ కదా? గోడ మీద?"

ఆర్తి తొంగి చూసింది. నిజమే. టీ అంగడి పక్క గోడకు చిన్న పోస్టరు. అందులో నటేశన్ గారు కనుబొమ్మ ఎగరేసి చూస్తున్నారు. మందుల షాపు గోడకు ఇంకొకటి, కరెంటు స్తంభానికి మరొకటి. తంగవేలు ముఖం వెలిగిపోయింది. "ఊరంతా ఏసినారే! మేస్త్రీ కూతురు గీసిందంటే మాటలా!" అని పక్కసీటాయనకు వినబడేట్టు అన్నాడు. బ్యానరు ఒక్కటే కదా చెప్పింది, పోస్టర్లెందుకు వేశాడా అని ఆర్తి తికమకపడుతూ ఉండగానే బస్సు ఆగింది. దిగి దగ్గరికి పోయి చూసింది.

బొమ్మకు అటొకటి ఇటొకటి దీపాలు వెలుగుతున్నాయి. పైన పెద్ద తమిళ అక్షరాల్లో "కన్నీర్ అంజలి", అంటే కన్నీటి నివాళి, అని ఉంది. కింద పుట్టిన తేదీ పక్కన పుట్టుక అని, ఆదివారం తేదీ పక్కన మరణం అని ఉంది.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ రాసిపెట్టకపోయినా అందరికీ తెలిసిన చట్టం ఒకటుంది. బతికున్నవాడి పోస్టరు రంగుల్లో ఉంటుంది, బుగ్గలు గులాబీ రంగు తేలేదాకా రంగులు పూస్తారు. నలుపు తెలుపులో ఉన్నాడంటే మనిషి దాటిపోయినట్టే. రోజూ ఇలాంటి పోస్టర్ల పక్కనే నడిచిపోయే ఆర్తికి, తన కళ ఆ చట్టం కిందికి వస్తుందని మాత్రం తట్టలేదు.

"అయ్యో సెట్టిగారూ! పుట్టినపండగ నాడే పోయినారా సామీ!" అని తంగవేలు టీ అంగడి బెంచీ మీద కూలబడి భోరుమన్నాడు. ఒక్క క్షణం ఆర్తికి కూడా అనుమానం వచ్చింది. కొంపదీసి నిజంగానే పోయారా? దీపన్‌కు ఫోన్ చేసింది. మోర్ధానా కొండల్లో సిగ్నలు లేదు. మళ్ళీ చేసింది. లేదు. ఏడుస్తున్న నాయనను చెయ్యి పట్టి లేపుకుని ముత్తు అంగడికి పరుగెత్తింది.

ముత్తు లేచి రెండు చేతులూ జోడించాడు. "రామ్మా. ఎంత మంచి మనిషి! నాకు ముద్ద దిగలా."

"ఆయన పోయినాడని నీకు ఎవురు చెప్పినారన్నా?"

"నువ్వే కదమ్మా చెప్పింది!"

"నేనా?"

"నలుపు తెలుపు బొమ్మ పంపినావు. రెండు తేదీలు పంపినావు. పొద్దున్నే కట్టేయమంటివి. ఇంకేం చెప్పల్ల?"

"కళ్ళద్దాలు, కోటు, వాన ఉండాయి కదన్నా! పోయినోళ్ళను ఎవురన్నా అట్ల వేస్తారా?"

"యాడుండావమ్మా నువ్వు? ఇప్పుడు పోయినోళ్ళను మేఘాల మీద నిలబెడతా ఉండారు, సింహం పక్కన కూచోబెడతా ఉండారు. దానికి వాన ఒక లెక్కా?"

"ఇంటికి ఫోన్ చేసి ఒక్క మాట అడగొచ్చు కదా!"

ముత్తు ముఖం మాడిపోయింది. "చావింటికి ఫోన్ చేసి, అయ్యా నిజంగానే పోయినాడా అని అడిగేదా? నన్ను మనిషంటారా ఎవురైనా? పైగా నువ్వు బ్యానరు ఒకటే అంటే నాకే మనసొప్పక గోడలకు చిన్నవి కూడా ఏసి ఊరంతా అంటించినా."

ఆర్తి గడప దాటింది. బయట నిలబడ్డ నాయనకు ఉన్న సంగతి చెప్పింది. తంగవేలు ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు తుడుచుకున్నాడు, ఆకాశంవైపు దండం పెట్టాడు, ఆ తర్వాత కూతురివైపు తిరిగాడు.

"బతికుండాడు, అది చాలు నాకు. నీ బొమ్మలు కూడా చాలమ్మా. రేపు పొద్దున ఆఫీసుకు పో."

"నాయనా, ఆయన ఇంకా బొమ్మ చూడనే లేదు కదా!"

"చూస్తే బాగుండాదంటాడా? బతికుండే మనిషిని చంపి గోడకు అంటిస్తివే!"

ఆర్తికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన తిరిగి వచ్చేలోగా అన్నీ పీకెయ్యాలి, వేరే దారి లేదు. ఎదురు గోడకున్న పోస్టరును పర్రున చింపింది. కూరగాయలు అమ్మే ఇద్దరు ఆడవాళ్ళు అడ్డం వచ్చారు. "ఏమ్మే, పోయినోడి మీద కూడా పగనా నీకు?" అని ఒకామె చెయ్యి పట్టుకుంది. "పోయినోడు కాదక్కా" అంటే వినే వాళ్ళెవరు? నలుగురు చేరారు, నలుగురు ఎనిమిదయ్యారు. చెయ్యి విడిపించుకుని ఆర్తి బజారువైపు పరుగు తీసింది. వెనకాల తంగవేలు.

బజారులో ఆమె దాటుతుండగానే అంగళ్ళ షట్టర్లు ఒకదాని వెంట ఒకటి సగానికి దిగుతున్నాయి. తోటి వర్తకుడు పోతే అది అక్కడి మర్యాద. పాత్రల అంగడి ముందు బ్యానరు నిలువెత్తున నిలబడి ఉంది, దానికి ఆమె ఎత్తున గులాబీల దండ. ఇంటికి తాళం ఉండేసరికి శవం ఆసుపత్రి నుంచి వస్తుందనుకుని, పక్కనే ఒక వ్యానులోంచి ఇద్దరు ఐసు పెట్టె దించుతున్నారు. వర్తక సంఘం కార్యదర్శి శివలింగం చొక్కాకు నల్ల గుడ్డముక్క గుచ్చుకుని అందరినీ వరుసగా నిలబెడుతున్నాడు.

ఆర్తి రొప్పుతూ ఆయన ముందు నిలబడింది. "అయ్యా! నటేశన్ గారు బతికే ఉండారు!"

శివలింగం ఆమె తల నిమిరాడు. "తెలుసమ్మా. మన మనసుల్లో ఎప్పుడూ బతికే ఉంటాడు."

"మనసుల్లో కాదయ్యా, మోర్ధానాలో ఉండారు!"

"పావం, బిడ్డకు మతి చెదిరినట్టుండాది. ఎవురన్నా సోడా తీసుకురాండప్పా." ఆయన అందరివైపూ తిరిగి గొంతు సవరించుకున్నాడు. "పుట్టిన నాడే పోవడం పుణ్యాత్ములకు గాని దొరకదు. మధ్యాహ్నం విందుకు రమ్మని పిలిచి, మనల్ని ఇట్ల నిలబెట్టినాడు. అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించండి."

బజారంతా తలలు వంచింది. సరిగ్గా అప్పుడే సందు మొదట్లో దీపన్ కారు ఆగింది. కొత్త పట్టుపంచెలో నటేశన్ గారు దిగారు. తన అంగడి ముందు ఇంతమంది తలలు వంచి నిలబడి ఉండడం చూసి, పెద్దమనిషి కదా, మర్యాదగా చెప్పులు విడిచి తానూ తల వంచుకుని బ్యానరు కనబడని వెనక వరుసలో నిలబడ్డారు. కాసేపాగి పక్కనున్న బట్టల అంగడాయన చెవిలో, "ఎవురప్పా పోయింది?" అని అడిగారు.

బట్టల అంగడాయన కళ్ళు తెరవకుండానే, "నటేశన్" అన్నాడు.

"ఏ నటేశన్?"

"పాత్రల అంగడి నటేశన్. మనిషి బంగారం. బేరంలో మాత్రం గుండెకాయ లేదు."

"అట్లనా?"

ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని బట్టల అంగడాయన కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత ఆయన పెట్టిన కేకకు మౌనం ముగిసింది. సోడా సీసా ఒకటి పగిలింది. ఐసు పెట్టె దించుతున్న ఇద్దరూ దాన్ని వదిలేసి వ్యాను వెనక దాక్కున్నారు.

గుంపు రెండుగా చీలింది. ఆ దారిలోంచి నటేశన్ గారి భార్య వాసవాంబ ముందుకొచ్చింది. బ్యానరు చూసింది, దీపాలు చూసింది, అక్షరాలు చదివింది. మెడలోని తాళిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. "ఎవురు చేసినారు ఈ పని?" అంది. గొంతు పెంచలేదు, అందుకే అందరికీ భయం వేసింది. అప్పటికే గుంపులో చేరిన ముత్తు వేలు మెల్లగా లేచి ఆర్తిని చూపించింది.

తంగవేలు కూతురికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నా బిడ్డ. తెలియక చేసింది. మీ కాళ్ళు పట్టుకుంటా. రేపటి నుంచి కలం ముట్టదు."

"ముట్టుకుంటాను నాయనా." ఆర్తి నాయన వెనక నుంచి ముందుకొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "అమ్మా, ఆ తేదీలు దేనికో చెప్పకపోవడం నా తప్పే. మీరు ఎంత తిట్టినా పడతాను. బొమ్మలో మాత్రం తప్పు లేదు. ఒక్కసారి బొమ్మను చూడండి."

నటేశన్ గారు బ్యానరు దగ్గరికి నడిచారు. దండను పక్కకు తొలగించారు. పై నుంచి కిందికి చూశారు, కింది నుంచి పైకి చూశారు. దీపన్ కారు చాటునే ఉండిపోయాడు. నటేశన్ గారు భార్యను పిలిచారు.

"వాసవా, ఇట్ల రా. వీడు నేనేనా?"

వాసవాంబ కోపంగానే చూసింది. చూస్తూ చూస్తూ ఆమె పెదవి వంకర తిరిగింది. "ఇంకెవురు? పులుసులో ఉప్పు తగ్గిన రోజు కనుబొమ్మ ఎగరేసి నన్ను చూసే చూపు ఇదే కదా. ఇది బయటోళ్ళకు ఎట్ల తెలిసిందో!"

నటేశన్ గారు పకపకా నవ్వారు. "బతికుండంగా చావు కబురొస్తే ఆయుసు పెరుగుతాదంటారు, మంచిదే లే." తంగవేలు భుజం మీద చెయ్యి వేశారు. "నీ కూతురా మేస్త్రీ? బొమ్మ బాగుండాది. చానా బాగుండాది. నేను నిజంగా పోయుంటే మావాడు ఏం చేసుంటాడో తెలుసా? ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేసి అంటించుంటాడు."

ఆ మాటతో గుంపులో ఏదో కదిలింది. ఆధార్ కార్డు మీద తమ ముఖం ఎలా ఉందో ప్రతి పెద్దాయనకూ ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. తమ పిల్లలు ఎలాంటివాళ్ళో కూడా గుర్తుకొచ్చింది. శివలింగం చొక్కాకున్న నల్ల గుడ్డముక్క పీకి జేబులో పెట్టుకుని ఆర్తి పక్కకు జరిగాడు.

"అమ్మా, నన్ను గుర్రం మీద కూచున్నట్టు గీయగలవా?"

"నాకు పోలీసు ఆఫీసరు వేషం కావల్ల" అన్నాడు బట్టల అంగడాయన, ఇంకా వణుకుతూనే.

"నాకు కత్తి! రెండు చేతుల్లో రెండు!" అని వెనక నుంచి ఇంకో ముసలాయన అరిచాడు.

"తోసుకోవద్దండప్పా, వరసగా రండి!" ఆ కేక తంగవేలుది. ఎప్పుడు ముందుకొచ్చాడో, కూతురి ముందు చేతులు చాచి గుంపును ఆపుతున్నాడు. ఆర్తివైపు తిరిగి, కళ్ళు కలపకుండా, "ఆ తోలు కంపెనీ వాళ్ళకు నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

ఆర్తి ముఖం తుడుచుకుని, "అందరికీ గీస్తాను. ఎప్పటికి కావల్ల మీకు?" అని అడిగింది.

పెద్దలంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "తొందరేం లేదమ్మా" అన్నాడు శివలింగం.

సొంతంగా బొమ్మలు గీయడం మొదలుపెట్టాక, పని ఎంత ఆలస్యమైతే అంత సంతోషించే గిరాకీలు తగలడం ఆర్తికి అదే మొదటిసారి.