బడి పన్నుకి వద్దనే భాగ్యం

బడి ఖర్చుకి పన్ను కట్టాలా వద్దా అని ఊరివాళ్ల చేత ఓటేయించే పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి విగ్రహం కట్టించాలి! మా ఒహాయోలో ప్రజాస్వామ్యం ఇంకా బతికుందంటే ఆయన చలవే.

ఆలోచించండి. మా కౌంటీ జైలుకి కొత్త అంతస్తు వేశారు. నన్నడిగారా? షెరీఫుకి కొత్త బండ్లు కొన్నారు. అడిగారా? కరెంటు రేటు, ఆసుపత్రి బిల్లు, గుడ్ల ధర... ఎవడైనా తలుపు తట్టి "వెర్నన్ గారూ, పెంచమంటారా?" అన్నాడా? ఒక్క బడి మాత్రమే అడుగుతుంది. పాపం, టీచర్లే కరపత్రాలు పట్టుకుని వానలో ఇంటింటికీ తిరుగుతారు. అంత మర్యాదగా అడిగేవాళ్లకి తప్ప ఇంకెవరికి వద్దని చెప్పగలం?

నవంబరులో నేనూ వద్దనే చెప్పాను. పోలింగు బడి జిమ్‌లోనే. గుమ్మం దగ్గర బడి కోసం కేకులు అమ్ముతున్నారు. మా పక్కింటి డ్వైట్ వద్దని ఓటేసొచ్చి రెండు కేకులు కొన్నాడు.

"పిల్లల కోసం ఆమాత్రం చెయ్యకపోతే ఎలా!" అన్నాడు కళ్లు చెమర్చి.

నేను మూడు కొన్నాను. దానగుణంలో డ్వైట్‌కి తీసిపోతానా?

కేకులు కట్టిచ్చింది హోస్టెట్లర్ టీచరమ్మ. చదవడం పట్టుబడని పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి నేర్పే క్లాసు ఆవిడది. పన్ను ఓడితే ముందు ఎగిరిపోయేది ఆ క్లాసే. రెండో తరగతి చదివే మా అమ్మాయి మార్లా అందులోనే ఉంది.

"ఏమయ్యా వెర్నన్, ఓటేశావా?"

"వేశానండీ."

"ఎటని అడగన్లే. మీ పిల్ల ఈమధ్య బాగా దార్లో పడింది. ఇంకో ఏడాది నా దగ్గరుంటే గడగడా చదివేస్తుంది, చూస్తుండు."

కేకు మంచి వాసన వస్తోందన్నాను.

పన్ను పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఊరంతా హారన్లు! ఎన్నాళ్ల కసి అది! జైలు మీద, కరెంటు కంపెనీ మీద, గుడ్ల మీద ఉన్న కోపమంతా కలిపి రెండో తరగతి పిల్లల మీద తీర్చుకున్నాం. చేతికందింది వాళ్లే మరి.

మొన్న సోమవారం మార్లాని దింపడానికి వెళ్లాను. ఆ క్లాసు తలుపుకి తాళం, తాళం మీద ఒక కాగితం. మార్లా మొదటి మాట మీద వేలు పెట్టి చాలాసేపు పెదాలు కదిపింది.

"నాన్నా, నాకు రావట్లేదు. నువ్వు చదివి పెట్టవా?"

నాకు చదవడం బాగానే వచ్చు. చిన్నప్పుడు నాకూ ఆ గదిలో, ఆవిడ దగ్గరే వచ్చింది.