నీరు నింపుతున్నాను

ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తోడల్లుడు భోజనానికి వచ్చేలోపు హాల్లోని సముద్రపు చేపల తొట్టికి యంత్రం తగిలించాలి. భోజనం మధ్యలో ఫోను తీసి, అదేమంత విశేషం కానట్టు, "నీళ్ళు కాస్త తగ్గినట్టున్నాయే" అంటూ మీట నొక్కాలి. అవతల తొట్టి దానంతటదే నిండాలి. అది తోడల్లుడు కళ్ళారా చూడాలి. అంతే.

ఆ తొట్టి ఆయన ప్రాణం. ఇసుక, రాళ్ళు, రాళ్ళ మీద వేళ్ళలా ఊగే పగడాలు, వాటి మధ్య దోబూచులాడే నారింజ చారల చేపలు. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవడమంటే పసిపిల్లను సాకడమే. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినది ఉప్పు కషాయమవుతుంది కనుక రోజూ చూసుకుని మంచినీళ్ళు కలపాలి. ఇన్నాళ్ళూ ఆ పని ఆయన చేత్తోనే, ఎంతో సంతోషంగా చేసేవాడు. తోడల్లుడు కూడా తొట్టి పెట్టిన నాటినుంచి ఆ సంతోషానికి చెదలు పట్టింది.

తోడల్లుడు లిఫ్టుల కంపెనీలో ఇంజనీరు. ఆయన ఇంట్లో వంటగది ఫిల్టరు నుంచి తొట్టిదాకా గోడ వెంట సన్నని గొట్టం నడుస్తుంది. నీళ్ళలో వేలాడే పుల్లలాంటి పరికరం లోతు కొలుస్తుంది. తగ్గితే యంత్రం నింపుతుంది, నిండితే ఆపుతుంది, ఆ కబురు ఫోనుకు పంపుతుంది. ఎవరింటికి వెళ్ళినా ఆయన ఫోను తీసి, "ఇదిగో, మా ఇంట్లో లైటు ఆర్పేశాను చూడండి" అంటాడు. చూసేవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. వాళ్ళలో తన భార్య కూడా ఉండడం షాపాయనకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

"ఎంతైనా బావగారి బుర్రే బుర్ర," అనేది లెక్కల టీచరయిన ఆ ఇల్లాలు. "మీరేమో ఇంకా బకెట్లు మోసుకుంటూనే ఉన్నారు."

అందుకే ఆయన గుట్టుచప్పుడు కాకుండా అదే కంపెనీ యంత్రం, అదే రంగుది, తెప్పించాడు. బిగించడం సులువుగానే అయింది. ఫోనుకు కలపడానికి మాత్రం యంత్రం అడుగున అతికించిన నంబరు కావాలంది తెర. ఆయన యంత్రాన్ని అప్పటికే బల్లకు మేకులతో దిగ్గొట్టేశాడు. అడుగు చూడాలంటే మళ్ళీ ఊడబెరకాలి.

"బావగారిని అడగనా?" అంది భార్య.

"అక్కర్లేదు. ఆయన యంత్రంలాంటిదే నేనూ కొన్నానని చెప్పుకోవాలా?"

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి అక్కకు ఫోను చేసింది. ఒక్క కంపెనీ తాళాలన్నీ ఒక్కలాగే ఉంటాయని నమ్మే మనిషి అక్క. ఎందుకని అడక్కుండా తమ యంత్రం అడుగున ఉన్న నంబరు ఫొటో తీసి పంపింది. "అన్నిటికీ ఒకటేనట," అని టీచరు భర్త ముందు ఫోను పెట్టింది. ఆయన నంబరు కొట్టాడు. "స్వాగతం" అంది తెర.

"ఎంతసేపు పట్టింది? చిటికెలో పని," అన్నాడాయన, ఎదురుగా ఎవరూ లేకపోయినా తోడల్లుడికి వినబడేలా.

తొట్టి లోతెంత అని తెర అడిగింది. ఆయన టేపు పెట్టి తన తొట్టి లోతు కొలిచి అదే రాశాడు. ఆయన తొట్టి నిలువుగా బావిలా ఉంటుంది. ఇంజనీరుది వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. రెండు తొట్లలో ఆ తేడా ఉందని ఆయనకు తెలుసు గానీ, తాను రాసిన లోతు ఊరి అవతల ఇంజనీరు తొట్టికి వెళ్ళి చేరిందని తెలియదు.

అంతలోనే అతిథులు వచ్చేశారు. ఇంజనీరు చెప్పులు విప్పుతూనే తొట్టి వైపు చూసి, ఒక క్షణం ఆగి, మళ్ళీ చూసి, "పగడాలు బాగానే ఉన్నాయి తమ్ముడూ," అన్నాడు. ఆ 'బాగానే'లో సాగదీసిన దీర్ఘం షాపాయనకు వెక్కిరింతలా తగిలింది. కొత్త యంత్రం కనబడకుండా బట్ట కప్పి ఉంచాడు కదా, కాస్త ఓపిక పడితే ఈయన నోరు మూతపడుతుంది అనుకున్నాడు.

వడ్డన మొదలైంది. షాపాయన ఫోను టింగుమంది. "నీరు తక్కువగా ఉంది. నింపుతున్నాను." ఆయన ఓరగా తొట్టి వైపు చూశాడు. బొట్టు కదల్లేదు. అదే క్షణంలో ఇంజనీరు జేబులోనూ టింగుమంది.

ఇంజనీరు ఫోను చూసి మొహం కాస్త ముడిచాడు. తన తొట్టి పొద్దున్నే నిండింది. మళ్ళీ నింపడమేమిటి? బల్ల కింద 'ఆపు' నొక్కాడు.

టింగు. "ఆపాను," అంది షాపాయన ఫోను.

ఎవరాపమన్నారు నిన్ను, అనుకుని షాపాయన బల్ల కింద 'నింపు' నొక్కాడు.

టింగు, టింగు.

"ఒకే కంపెనీ ఫోన్లు కాబోలు, రెండూ ఒక్కసారే మోగుతున్నాయి," అంది అక్క ముచ్చటపడుతూ.

ఆ తర్వాత భోజనం ఎలా సాగిందో ఆ ఇద్దరికీ తెలియదు. ఒకరు ఆపుతారు, ఒకరు నింపుతారు. కుడిచేయి కంచంలో, ఎడమచేయి బల్ల కింద, మొహాన చిరునవ్వు. గొట్టంలో ఏదో అడ్డుపడిందనుకుని షాపాయన మరింత గట్టిగా నొక్కుతున్నాడు. గట్టిగా నొక్కితే నీళ్ళు జోరుగా వస్తాయన్నట్టు.

"ఏమైనా ఇబ్బందా అన్నయ్యగారూ? చెమట పడుతోంది," అన్నాడు షాపాయన.

"ఇబ్బందా? నాకా? మా తొట్టి గడియారంలా నడుస్తుంది," అన్నాడు ఇంజనీరు నుదురు తుడుచుకుంటూ. "నీకేదో కంగారుగా ఉన్నట్టుంది."

"నాకెందుకు కంగారు?"

చివరికి ఇంజనీరు విసిగిపోయి ఫోను తిప్పి బల్ల మీద బోర్లించాడు. యంత్రానికి మతి పోయినా, తమ్ముడి ముందు ఆ మాట పైకి అనడం ఆయనవల్ల కాదు. ఇక షాపాయన మాటకు ఎదురు లేకపోయింది. "నింపుతున్నాను... నింపుతున్నాను..." అని ఫోను ఆయన ఒళ్ళో కూర్చుని భరోసా ఇస్తూనే ఉంది. ఆయన తొట్టి మాత్రం పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

కంచాలు తీసేవేళ అక్కకు ఫోను వచ్చింది. కింది అంతస్తు ఆయన.

"అమ్మా, మీరు ఇంట్లో లేరా? మా హాల్లో వాన పడుతోంది. మా నాన్నగారు వాలుకుర్చీలో గొడుగేసుకుని టీవీ చూస్తున్నారు. ఎంతసేపుంటుందో చెబితే ఆయన్ని లేపాలో వద్దో చూసుకుంటాం."

నలుగురూ ఒకే కారులో పడ్డారు. బోర్లించిన ఇంజనీరు ఫోను ఆ కంగారులో బల్ల మీదే ఉండిపోయింది. తలుపు తీసేసరికి హాలు చెరువులా ఉంది. తివాచీ తేలుతోంది, దాని మీద ఒక చెప్పు సవారీ చేస్తోంది. తొట్టి అంచుల మీదుగా నీళ్ళు నింపాదిగా జారుతున్నాయి. షాపాయన ముందు గొట్టం మూశాడు, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని పల్చబడిన నీళ్ళను తోడి, అలమరలో ఉన్న సముద్రపు ఉప్పు బకెట్లో కలిపి, కొద్దికొద్దిగా పోయసాగాడు. చేపలు ఒక మూల చేరి రొప్పుతున్నాయి.

"ఇదంతా ఈ పుల్లే చేసింది," అని ఇంజనీరు లోతు కొలిచే పరికరాన్ని నీళ్ళలోంచి పైకి లాగాడు.

షాపాయన జేబులో టింగుమంది.

ఇంజనీరు పరికరాన్ని నీళ్ళలో ముంచాడు. టింగు. లాగాడు. టింగు. ఇంజనీరు షాపాయన జేబు వైపు తిరిగాడు.

"తమ్ముడూ, నీ ఫోను ఓసారి ఇలా ఇయ్యి."

షాపాయన ఇచ్చాడు. ఇంజనీరు తెర మీద చదివాడు: "నీరు బొత్తిగా లేదు. నింపుతున్నాను." అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు అక్క వైపు చూసింది. "అన్నిటికీ ఒకటే నంబరన్నావుగా?" అంది టీచరు. "మరి కాదా?" అంది అక్క.

షాపాయనకు తలెత్తే ధైర్యం లేదు. తిట్లు పడతాయని భుజాలు దగ్గరకు తీసుకుని కూర్చున్నాడు. తిట్లు రాలేదు. ఇంజనీరు తడిసిన సోఫా చేతి మీద చతికిలబడి, ఏదో బరువు దిగినవాడిలా ఊపిరి వదిలాడు.

"పోనీలే తమ్ముడూ. నువ్వు ముంచకపోయినా ఇది మునిగేదే. ఆ పగడాలు చూడు."

షాపాయన అప్పుడు చూశాడు. రాళ్ళ మీద పగడాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. అది ఇవాళ్టి నీళ్ళవల్ల అయింది కాదు. ఎన్నాళ్ళ క్రితమో చచ్చినవవి.

"ఎప్పుడో పోయాయి. అందుకే ఫోనులో లైటే చూపిస్తాను, తొట్టి చూపించను," అన్నాడు ఇంజనీరు. "అన్నిటికీ యంత్రాలు పెట్టాను, దేన్నీ దగ్గరికెళ్ళి చూడలేదు. మీ ఇంటికొస్తే నీ పగడాలు పూలతోటలా ఊగుతుంటాయి. ఇంటికెళ్ళాక నాకు ముద్ద దిగదు. ఒట్టు. ఇవాళ గుమ్మంలో వాటిని చూడగానే కడుపులో మండిపోయింది. నీ మీద నాకు ఒళ్ళంతా అసూయే."

షాపాయన చేతిలో ఉప్పునీళ్ళు పొర్లిపోయాయి. ఇన్నాళ్ళూ తాను కాగిన మంటకు ఇంత చల్లని జవాబు దొరుకుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, పెద్దమనిషి తరహాలో, "అవన్నీ మనసులో పెట్టుకోకండి అన్నయ్యగారూ. బతికిన చేపలను కొన్నాళ్ళు మా తొట్టిలో ఉంచుతాను. మీరొచ్చి దగ్గరుండి నేర్చుకోండి," అన్నాడు.

చేపలున్న మూతబకెట్టును భార్య ఒళ్ళో పెట్టుకుంది, మొగుడూ పెళ్ళాలిద్దరూ తిరుగు ప్రయాణమయ్యారు. కారు నడుపుతుంటే ఆయనకు ఈల వేయాలనిపించింది. గెలిచానని భార్య నోట కూడా ఒక్క మాట వింటే సరిపోతుంది.

"చూశావా, మీ బావగారు ఏమన్నారో?" అన్నాడు.

"చూశాను," అంది ఆవిడ, కళ్ళు చెమర్చి. "ఎంతైనా బావగారిది పెద్ద మనసండీ. నలుగురి ముందు ఉన్నమాట ఒప్పేసుకున్నారు. అసూయ ఎవరికుండదు? పైకి చెప్పే గుండె ఎంతమందికుంటుంది?"

అసూయ ఒప్పుకోవడంలో కూడా తోడల్లుడే ముందున్నాడని ఇల్లు చేరేదాకా ఆయన కడుపు రగులుతూనే ఉంది.