నూటికి తొంభై ఆరు

అది జూన్ పదకొండు. ఆ పొద్దున డేగకన్ను రెండు ఉడికించిన గుడ్లు తిన్నాడు. పెంకు ముక్క పంటి కింద పడ్డాక గానీ అది ఉందని ఆయనకి తెలియలేదు. ఆ రోజే రాడార్ కేంద్రంలో ఆపరేటర్ల చూపు ఎంత వేగమో, ఎంత కచ్చితమో తేల్చే పరీక్ష. తొంభై మార్కులు రానివాళ్ళకి పాత ఫైళ్ళ గదికి బదిలీ.

డేగకన్ను అన్న పేరు ఇరవై ఏళ్ళ కిందటిది. పేరుకి వయసు రాలేదు, కళ్ళకి వచ్చింది. భార్య పోయాక, కళ్ళద్దాలు మార్పించుకోమని పోరేవాళ్ళు లేక, పాతవాటితోనే నెట్టుకొస్తున్నాడు.

తెర మీద వంద బొమ్మలు, ఒక్కోదానికి రెండు సెకన్లు. విమానం చుక్క ఉందో లేదో చెప్పాలి. ఆయనకి తెరంతా పాలు ఒలికినట్టుంది. అయినా అనుభవజ్ఞుడు కనక వందసార్లూ గంభీరంగా "ఏమీ లేదు" అన్నాడు. చుక్కలున్నవి నాలుగే. తొంభై ఆరు మార్కులు. వేగంలో రికార్డు.

కొత్తగా చేరిన అమ్మాయి ఆ నాలుగూ పట్టుకుంది. మరో పన్నెండు చోట్ల అనుమానపడింది. ఎనభై ఎనిమిది.

"అనుమానం శాఖకి చేటు. చూడగానే తేల్చెయ్యాలి, ఈయనలాగా," అని అధికారి ప్రసంగించాడు. డేగకన్ను పతకం కోసం రెండుసార్లు గాలిలో వెతికి మూడోసారికి అందుకున్నాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

"బాబాయ్‌గారూ, ఒక్క చుక్కైనా కనిపించిందా?" అంది అమ్మాయి, ఫైళ్ళ గదికి సామాను సర్దుకుంటూ.

"అద్దాలు తుడుచుకుంటున్నానమ్మా."

"వందసార్లూనా?"

ఆయన అద్దాలు తీసి మళ్ళీ తుడవసాగాడు.

"సరే. ఫైళ్ళ గది తలుపు మీ కుర్చీ వెనకే. తెరిచే ఉంచుతా, అక్కణ్ణుంచి నాకు తెర కనిపిస్తుంది. చుక్క ఎడమన వస్తే ఒకసారి దగ్గుతా, కుడిన వస్తే రెండుసార్లు."

రెండు నెలల్లో ఆయన కచ్చితత్వం నూటికి నూరైంది. అదేమిటో చూద్దామని తనిఖీ బృందం వచ్చింది. నిపుణుడి ఏకాగ్రతకి దగ్గుల వల్ల భంగం కలుగుతోందనీ, ఫైళ్ళ గది తలుపు ఇకపై మూసి ఉంచవలెననీ సిఫారసు చేసింది.

"మీకేమన్నా అభ్యంతరమా?" అని అధికారి మర్యాదగా అడిగాడు.

డేగకన్ను నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఇంతలో కుర్చీ గుర్తొచ్చింది. నాలుక వందసార్లు సాధన చేసిన మాటే పలికింది.

"ఏమీ లేదు."

ఇందులో మనం కంగారుపడాల్సిందీ లేదు. తొంభై ఆరు మంచి మార్కులే. మిగిలిన ఆ నాలుగు విమానాల్లో మనం ఉండమని మనందరికీ గట్టి నమ్మకం.

ఆ రాత్రి డ్యూటీ మొదలైంది. ఫైళ్ళ గదిలోంచి ఒక దగ్గు వినిపించింది. రెండోది వస్తుందేమోనని డేగకన్ను చెవులు రిక్కించాడు. అటెండరు వచ్చి, నిపుణుడికి ఇబ్బంది కలగకుండా, ఏ చప్పుడూ లేకుండా తలుపు మూశాడు.